చప్పుడు చేయని జబ్బు: క్లామిడియా గురించి తెలుసుకుందాం



వైద్యసాయం కోరుతూ వచ్చే అర్జీలు మన దాతలకు కొత్త కాదు. గుండె ఆపరేషన్, డయాలసిస్, కాన్పు ఖర్చు, వృద్ధుల కంటి శుక్లాలు - వీటిని నలుగురిలో చెప్పుకోవడానికి ఎవరూ వెనకాడరు. అర్జీ రాయలేని జబ్బులు మాత్రం కొన్ని ఉన్నాయి. వాటి సంగతి భార్య భర్తకు చెప్పదు, భర్త భార్యకు చెప్పడు, ఇద్దరూ కలిసి డాక్టరుకు చెప్పరు. అటువంటి జబ్బుల్లో ఒకటి క్లామిడియా. లైంగిక సంబంధం ద్వారా సోకే బాక్టీరియా జబ్బుల్లో ప్రపంచమంతటా ఎక్కువమందికి వచ్చేది ఇదే. అయినా దీని పేరు కూడా మనలో చాలామంది విని ఉండరు. సకాలంలో గుర్తిస్తే వారం రోజుల మాత్రలతో నయమవుతుంది. గుర్తించకపోతే ఒక స్త్రీ తల్లి అయ్యే అవకాశాన్నే దెబ్బతీయగలదు.

ఇలాంటి విషయం సంస్థ సంచికలో రాయవచ్చా అని కొందరికి అనిపించవచ్చు. సిగ్గు అడ్డొచ్చి ధర్మజ్ఞానం నేర్చుకోకుండా ఉండిపోలేదని మదీనా అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్న సంగతి మనకు తెలిసిందే. గుసుల్ గురించి, బహిష్టు గురించి, దాంపత్యం గురించిన మస్‌అలాలను మన పెద్దలు మర్యాద తప్పకుండా, స్పష్టంగా బోధిస్తూనే వచ్చారు. ఒంటి ఆరోగ్యం గురించి కూడా అదే మర్యాదతో, అదే స్పష్టతతో మాట్లాడుకుందాం.

క్లామిడియా అంటే ఏమిటి?

ఇది క్లామిడియా ట్రకోమాటిస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. మామూలు బాక్టీరియాల్లా ఇది బయట స్వతంత్రంగా పెరగలేదు. మన శరీరంలోని కణంలోకి దూరి, అక్కడి శక్తిని వాడుకుంటూ సంఖ్య పెంచుకుంటుంది. రెండు మూడు రోజుల్లో ఆ కణం నుంచి బయటపడి పక్క కణాల్లోకి చేరుతుంది. కణం లోపల దాగి ఉండడం వల్లే శరీరం దీన్ని త్వరగా పసిగట్టలేదు. మనకూ నొప్పి, జ్వరం వంటి హెచ్చరికలు చాలాసార్లు అందవు.

ఈ పేరు వెనక కూడా ఆ దాగుడుమూతల కథే ఉంది. 1907లో హాల్బర్‌స్టేటర్, ప్రోవాజెక్ అనే శాస్త్రవేత్తలు జావా ద్వీపంలో ట్రకోమా అనే కంటిజబ్బును పరిశోధిస్తూ, కణాల లోపల కేంద్రకాన్ని కప్పినట్టుగా ఉన్న చిన్న చిన్న రేణువులను సూక్ష్మదర్శినిలో చూశారు. గ్రీకు భాషలో 'క్లామిస్' అంటే భుజాల మీద కప్పుకునే వస్త్రం. ఆ మాట నుంచే ఈ పేరు వచ్చింది. కణం బయట పెరగదు కాబట్టి చాలాకాలం దీన్ని వైరస్ అనుకున్నారు. చైనా శాస్త్రవేత్త టాంగ్ ఫెయ్‌ఫాన్ దీన్ని కోడిగుడ్డు పిండంలో పెంచి వేరుచేయగలిగానని 1957లో ప్రకటించారు. ట్రకోమాకు కారణం ఇదేనని రుజువు చేయడానికి తన కంట్లోనే దీన్ని ఎక్కించుకున్నారు. ఇది బాక్టీరియాయే అని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది.

ట్రకోమా పేరు మన పెద్దవారిలో కొందరికి గుర్తుండే ఉంటుంది. కనురెప్పలు లోపలికి ముడుచుకుని, వెంట్రుకలు కనుగుడ్డుకు ఒరుసుకుని చూపు పోయే జబ్బు అది. దాన్ని అదుపు చేయడానికి మన దేశం 1963లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. భారతదేశంలో అది ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అదే బాక్టీరియాలోని వేరే రకాలు జననాంగాలకు సోకుతాయి. కంటిజబ్బు ముఖం మీద కనిపించేది, దాని గురించి అందరూ మాట్లాడారు, కాబట్టి దాన్ని తరిమేయగలిగాం. శరీరం లోపల దాగిన దాని తోబుట్టువు విషయంలో ఆ పని జరగలేదు.

2020లో ప్రపంచవ్యాప్తంగా 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో సుమారు 12.85 కోట్ల మందికి కొత్తగా క్లామిడియా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన పల్లెల్లో సెగరోగం అని పిలిచే గనేరియా, సవాయి అని పిలిచే సిఫిలిస్ రెండూ కలిపినా ఈ సంఖ్యకు చాలా దూరంలోనే ఉంటాయి. ఆ రెంటికీ తెలుగులో పేర్లు ఉన్నాయి. క్లామిడియాకు మాత్రం పేరే లేదు. కనిపించని దానికి పేరు ఎవరు పెడతారు?

ఎలా సోకుతుంది? ఎలా సోకదు?

జబ్బు ఉన్న వ్యక్తితో లైంగిక సంబంధం వల్ల సోకుతుంది. జబ్బు ఉన్న తల్లి నుంచి కాన్పు సమయంలో బిడ్డకు సోకవచ్చు. పెద్దల విషయంలో అంతకుమించి దారులు లేవు.

ఒకే మరుగుదొడ్డి వాడడం, ఒకే బకెట్, ఒకే తువ్వాలు, ఒకే పళ్లెంలో భోజనం, చేతులు కలపడం, ఆలింగనం, పక్కన కూర్చోవడం - వీటివల్ల ఈ జబ్బు రాదు. కాబట్టి ఇంట్లో ఒకరికి ఉందని తెలిస్తే ఆమె గిన్నెలు వేరుపెట్టడం, పిల్లలను దగ్గరికి రానివ్వకపోవడం అనవసరం, అన్యాయం కూడా.

ఒకసారి నయమైనంత మాత్రాన మళ్లీ రాదని లేదు. దీనికి టీకా లేదు. చికిత్స అయ్యాక జబ్బు ఉన్న జీవిత భాగస్వామి నుంచి మళ్లీ సోకవచ్చు.

లక్షణాలు

స్త్రీలలో అత్యధికుల్లో, పురుషుల్లో కూడా చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. ఉన్నప్పుడు సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో బయటపడతాయి.

స్త్రీలలో: రంగు, వాసన మారిన తెల్లబట్ట, మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి, బహిష్టు కాని రోజుల్లో లేక కలయిక తర్వాత రక్తం కనిపించడం, కలయిక సమయంలో నొప్పి.

పురుషుల్లో: మూత్రనాళం నుంచి జిగురు లేక చీము వంటి స్రావం, మూత్రంలో మంట, వృషణాల్లో నొప్పి, వాపు.

ఈ లక్షణాలకు మన ఇళ్లలో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: "వేడి చేసింది." బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ మొదలవుతాయి. నాలుగు రోజుల్లో మంట తగ్గితే నయమైందనుకుంటాం. క్లామిడియాలో చికిత్స లేకపోయినా మంట తగ్గిపోవచ్చు, జబ్బు మాత్రం లోపల ఉండిపోతుంది. తెల్లబట్ట విషయమూ అంతే. కొంత తెల్లబట్ట ఆరోగ్యవంతురాలికీ సహజమే. రంగు, వాసన, మోతాదు మారినప్పుడు మాత్రం "ఆడవాళ్లకు మామూలే" అని వదిలేయకూడదు.

పట్టించుకోకపోతే ఏమవుతుంది?

చికిత్స లేకపోతే స్త్రీలలో నూటికి 10 నుంచి 15 మందిలో ఈ బాక్టీరియా గర్భాశయ ముఖద్వారం నుంచి పైకి పాకి గర్భాశయానికి, ట్యూబులకు వాపు తెస్తుంది. అండం, వీర్యకణం కలిసేది ఈ ట్యూబుల్లోనే. వాటి లోపలి పొర సన్నని మఖమల్‌లా ఉండి అండాన్ని మెల్లగా గర్భాశయం వైపు నెడుతుంది. వాపు మానేటప్పుడు అక్కడ మచ్చలు కడతాయి, గోడలు అతుక్కుంటాయి. ట్యూబు పూర్తిగా మూసుకుపోతే గర్భం రాదు. సగం మూసుకుపోతే ఫలదీకరణ జరిగిన అండం మధ్యలోనే చిక్కుకుని, ట్యూబులోనే గర్భం నిలిచే ప్రమాదం ఉంది. అలాంటి ట్యూబు పగిలితే లోపల రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. మరికొందరికి ఏళ్ల తరబడి పొత్తికడుపు నొప్పి మిగిలిపోతుంది.

ఒక విషయం స్పష్టంగా అర్థం చేసుకోవాలి. మాత్రలు బాక్టీరియాను చంపుతాయి, అప్పటికే కట్టిన మచ్చలను చెరిపేయలేవు. అందుకే ఈ జబ్బులో కాలం ముఖ్యం.

పిల్లలు లేని ఇళ్లలో జరిగేది మనందరికీ తెలుసు. పెళ్లయి మూడేళ్లు గడవగానే చూపులన్నీ కోడలి మీదే. నాటు మందులు, తావీజులు, ఊరూరా డాక్టర్లు, ఇవన్నీ తిరిగేది ఆమె ఒక్కతే. భర్తకు ఒక్క పరీక్షా చేయించరు. చివరికి ఎక్కడో ట్యూబ్ టెస్ట్ చేసి "రెండు వైపులా మూసుకుపోయాయి" అని చెబితే ఆ మాట ఆమె మీద తీర్పు అయిపోతుంది. ఇంకో పెళ్లి మాట కూడా అక్కడే పుడుతుంది. ఆ మూసుకుపోవడానికి కారణం ఎన్నడూ లక్షణం చూపని ఒక సంక్రమణ కావచ్చు. అది భర్త నుంచే ఆమెకు చేరి ఉండవచ్చు. ఆయనకూ ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. మన దేశంలో ట్యూబులు దెబ్బతినడానికి క్షయ కూడా ఒక ముఖ్యమైన కారణం. కాన్పు, గర్భస్రావం తర్వాత వచ్చే ఇతర ఇన్ఫెక్షన్లూ కారణమే. కనుక ట్యూబులు మూసుకుపోయిన ప్రతి స్త్రీకీ క్లామిడియా వచ్చిందని అనుకోకూడదు. కారణం తేల్చాల్సింది డాక్టరు.

గర్భిణికి ఈ జబ్బు ఉంటే నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతుంది. కాన్పు సమయంలో బిడ్డ కళ్లకు సోకితే సాధారణంగా 5 నుంచి 12 రోజుల మధ్య కళ్లు ఎర్రబడి, వాచి, పుసులు కడతాయి. మన ఇళ్లలో అప్పుడు చనుబాలు పిండి ఊరుకుంటారు. అది చాలదు, ఈ జబ్బులో కంటి చుక్కలు కూడా సరిపోవు. బిడ్డకు నోటి ద్వారా మందు పట్టించాలి. కొందరు పిల్లల్లో ఒకటి నుంచి మూడు నెలల వయసులో జ్వరం లేకుండానే దగ్గు, ఆయాసంతో న్యుమోనియా రావచ్చు. పుట్టిన నెలలోపు బిడ్డ కళ్లు పుసులు కడితే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి.

పురుషుల్లో వృషణాల పక్కనుండే నాళానికి వాపు వస్తుంది. కొద్దిమందిలో కీళ్లు వాచి, కళ్లు ఎర్రబడే ఇబ్బంది వస్తుంది. స్త్రీకైనా పురుషుడికైనా క్లామిడియా ఉన్నప్పుడు హెచ్.ఐ.వి. సోకే ముప్పు ఎక్కువ.

పరీక్ష ఎలా చేస్తారు?

మామూలు మూత్రపరీక్షలో క్లామిడియా బయటపడదు. మూత్రాన్ని కల్చర్‌కు పంపినా పెరగదు. "చీము కణాలు ఉన్నాయి, కల్చర్‌లో ఏమీ రాలేదు" అని రిపోర్టు వచ్చి మంట తగ్గకపోతే క్లామిడియాను అనుమానించాలి.

దీనికి సరైన పరీక్ష బాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే న్యాట్ పరీక్ష. కరోనా రోజుల్లో ముక్కులో నుంచి తీసి చేసిన పి.సి.ఆర్. పరీక్ష ఈ కోవకు చెందినదే. పురుషులకు మూత్రం చాలు. స్త్రీలకు యోని నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా శ్రేష్ఠం. దాన్ని నర్సు చెప్పిన ప్రకారం ఆమె స్వయంగా, తెర వెనక, తీసి ఇవ్వవచ్చు. ఎవరి ముందూ ఇబ్బంది పడనవసరం లేదు. మూత్రం ఇచ్చేవారు కనీసం గంట ముందు నుంచి మూత్రానికి వెళ్లకుండా ఉండి, మొదటి ధారనే పట్టాలి. మామూలు పరీక్షల్లో మధ్య ధార అడుగుతారు, ఇక్కడ మొదటిదే కావాలి.

రక్తంలో చేసే ఐజీజీ పరీక్ష ఎప్పుడో వచ్చిపోయిన సంక్రమణను చూపవచ్చు. ఇప్పుడు జబ్బు ఉందా లేదా అన్నది అది తేల్చదు. ఆ కాగితం ఒక్కటే చూసి మందులు వాడడం, గొడవపడడం తగదు.

క్లామిడియా పరీక్ష చేయించుకునేవారు హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకోవడం మంచిది.

చికిత్స: ఇద్దరికీ ఒకేసారి

గర్భిణులు కాని పెద్దలకు డాక్టర్లు సాధారణంగా ఇచ్చేది డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకు రెండుసార్లు, 7 రోజులు. గర్భిణులకు ఇది ఇవ్వరు. వారికి అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకే మోతాదుగా ఇస్తారు. ఎవరికి ఏది అన్నది డాక్టరే నిర్ణయించాలి. జ్వరానికి, దగ్గుకు వాడగా మిగిలిన మాత్రలు వేసుకోవడం, మందుల షాపులో లక్షణం చెప్పి రెండు రోజులకు కొనుక్కోవడం వల్ల జబ్బు సగంలో దాగిపోతుంది.

డాక్సీసైక్లిన్ వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు: నిండా గ్లాసుడు నీళ్లతో మింగాలి. మింగిన అరగంట వరకు పడుకోకూడదు, లేకపోతే గొంతు కింద అన్నవాహికలో పుండు పడవచ్చు. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ మందులు దీనితో కలిపి వేసుకోకూడదు, మధ్యలో కొన్ని గంటల ఎడం ఉండాలి. ఎండలో ఎక్కువగా తిరిగితే చర్మం కమిలిపోవచ్చు.

రంజాన్‌లో చికిత్స మొదలైతే చాలామంది మాత్రలు మానేస్తారు. ఆ అవసరం లేదు. రోజుకు రెండే మాత్రలు కాబట్టి సహరీలో ఒకటి, ఇఫ్తార్ తర్వాత ఒకటి వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. సహరీ మాత్ర వేసుకున్న వెంటనే నిద్రకు ఒరగకుండా ఫజర్ నమాజు ముగించుకుని పడుకుంటే సరిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. భార్యాభర్తలిద్దరికీ ఒకే సమయంలో చికిత్స జరగాలి. ఒక్కరే మందు వాడితే ఆ జబ్బు రెండోవారి నుంచి వెనక్కి రావచ్చు. "మందు పనిచేయలేదు" అని వచ్చేవారిలో చాలామంది ఇలా మళ్లీ సోకినవారే. ఇద్దరి మందులూ పూర్తయ్యేదాకా, ఒకే మోతాదు మందు అయితే వేసుకున్న తర్వాత 7 రోజుల దాకా, కలయికకు దూరంగా ఉండాలి. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. మందు ముగిసిన వెంటనే పరీక్షకు పరుగెత్తకూడదు. చచ్చిన బాక్టీరియా అవశేషాల వల్ల కొన్ని వారాల పాటు జబ్బు ఉన్నట్టే రిపోర్టు రావచ్చు. గర్భిణులకు మాత్రం సుమారు నాలుగు వారాల తర్వాత ఒకసారి, మూడు నెలలకు మరోసారి పరీక్షిస్తారు.

కాపర్ టీ వేయించుకోబోయే స్త్రీలు తెల్లబట్టలో మార్పు, పొత్తికడుపు నొప్పి ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి. జబ్బు ఉండగా వేస్తే అది పైకి పాకే ప్రమాదం ఉంది.

రిపోర్టు ఇంటికి వచ్చాక

మందు దొరికినా మనుషులు దెబ్బతినే ఘట్టం ఇది. రిపోర్టు చూడగానే "నీకు ఎక్కడినుంచి వచ్చింది?" అన్న ప్రశ్న లేస్తుంది. ఈ ప్రశ్నకు రిపోర్టులో జవాబు లేదు. క్లామిడియా లక్షణాలు లేకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉండగలదు. ఎప్పుడు వచ్చింది, ఎవరినుంచి ఎవరికి వచ్చింది అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. వితంతువుకు, విడాకులు పొందినవారికి మళ్లీ పెళ్లి జరిగితే, గత వివాహం నుంచి తెలియకుండా తెచ్చుకున్న జబ్బు కావచ్చు. ముందుగా పరీక్ష చేయించుకున్నది భార్య కాబట్టి ముందుగా జబ్బు వచ్చింది ఆమెకే అనుకోవడం పెద్ద పొరపాటు. ఆస్పత్రికి వెళ్లేది ఆమె కాబట్టి కాగితం మీద ఆమె పేరు ముందు పడింది, అంతే.

ల్యాబు కాగితం ఒకరి నడవడికి సాక్ష్యం కాదు. దాన్ని చూపి నింద వేయడం, పుట్టింటికి పంపడం, తలాక్ మాట ఎత్తడం తగదు. ఆ ఇంట్లోని పెద్దలు, అవసరమైతే మసీదు పెద్దలు, చెప్పవలసిన మాట ఒక్కటే: ముందు ఇద్దరూ మందు వేసుకోండి.

కొన్ని అపోహలు, వాస్తవాలు

సున్నతి చేయించుకున్న మగవారికి సుఖవ్యాధులు రావని మనలో గట్టి నమ్మకం ఉంది. సున్నతి వల్ల స్త్రీ నుంచి పురుషుడికి హెచ్.ఐ.వి. సోకే అవకాశం గణనీయంగా తగ్గుతుందని ఆఫ్రికాలో జరిగిన అధ్యయనాల్లో తేలింది. క్లామిడియా, గనేరియా విషయంలో అలాంటి రక్షణ కనబడలేదు. సున్నతి ఉన్నవారూ లక్షణాలుంటే పరీక్ష చేయించుకోవాలి.

శుభ్రంగా కడుక్కుంటే రాదనుకుంటారు. ఇస్తింజా, గుసుల్ పరిశుభ్రతకు మంచివి, పైపైన నీళ్లతో కడుక్కోవడంలో హాని లేదు. కానీ కణాల్లోకి దూరిన బాక్టీరియా నీళ్లకు పోదు. కొందరు స్త్రీలు డెటాల్ వంటివి కలిపిన నీళ్లతో యోని లోపల కడుగుతారు. అది మేలు చేసే బాక్టీరియాను చంపి, చెడు బాక్టీరియా పైకి పాకడానికి దారి ఇస్తుంది. ఆ అలవాటు మానాలి.

"గల్ఫ్ మెడికల్ పాసయ్యాను, నాకేం లేదు" అనేవారున్నారు. వీసా కోసం చేసే పరీక్షల్లో క్షయ, హెచ్.ఐ.వి., కామెర్లు, సిఫిలిస్ వంటివి చూస్తారు. సాధారణంగా క్లామిడియా అందులో ఉండదు. ఆ పాసు కాగితం దీనికి వర్తించదు.

చెడ్డవారికే వచ్చే జబ్బు అనే మాట అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తుంది. ఏ తప్పూ చేయని భార్యకు, ఏ పాపమూ ఎరుగని పసిబిడ్డకు కూడా ఇది వస్తుంది. తప్పొప్పులు అల్లాహ్ ఎరుగును. జబ్బుకు మందు ఇవ్వడం మన పని.

ఉన్న వైద్యం, లేని వైద్యం

జిల్లా ఆస్పత్రులు, బోధనాస్పత్రులు, కొన్ని ఏరియా ఆస్పత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. అక్కడ సుఖవ్యాధులకు సలహా, మందులు ఉచితం. లక్షణాన్ని బట్టి ఇచ్చే మందుల కిట్లకు రంగులు పెట్టారు. పురుషుల్లో మూత్రనాళ స్రావానికి, స్త్రీలలో గర్భాశయ ముఖద్వారపు వాపుకు ఇచ్చేది బూడిద రంగు కిట్. అందులో క్లామిడియాకు, గనేరియాకు కలిపి మందులుంటాయి. పొత్తికడుపు నొప్పికి పసుపు రంగు కిట్. జబ్బు పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడేవారికి ఈ రంగులు కొంత ఊరట. 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి పేరు చెప్పకుండానే సలహా అడగవచ్చు.

ఈ పద్ధతి మంచిదే, లక్షణాలున్న లక్షలమందికి ఉపయోగపడుతోంది. దీనిలో ఒక ఖాళీ మాత్రం ఉంది. లక్షణాన్ని చూసి మందు ఇస్తారు కాబట్టి లక్షణం లేనివారు తప్పిపోతారు. క్లామిడియా ఉన్నవారిలో ఎక్కువమంది లక్షణం లేనివారే. వారిని పట్టుకోగలిగేది న్యాట్ పరీక్ష. పేద కుటుంబం ప్రైవేటు ల్యాబులో ఇద్దరికీ ఆ పరీక్ష చేయించుకోవడం భారం. మందులు మాత్రం చవక.

దాతలు చేయగలిగింది

దానం చేసే చేయి ఆ ఖాళీలోనే పడాలి. ట్యూబులు మూసుకుపోయాక టెస్ట్‌ట్యూబ్ బేబీ కోసం లక్షలు అడిగే అర్జీకి సాయం చేయడం కన్నా, అంతకు ఎంతో ముందే ఒక జంటకు పరీక్ష, మందు అందించడం తేలిక. దీనికోసం కొన్ని పనులు ఆలోచించవచ్చు.

పిల్లలు లేరని సాయం కోరే జంటకు ఇచ్చే వైద్యసాయం ఇద్దరి పరీక్షలకూ కలిపి ఇవ్వాలి. భార్యకు మాత్రమే చీటీ రాసి పంపే అలవాటు మానాలి.

వైద్య శిబిరాల్లో స్త్రీల డాక్టరు ఉండాలి, తలుపు మూసుకునే గది ఉండాలి. వరుసలో పదిమంది వింటుండగా ఏ చెల్లెలూ తెల్లబట్ట గురించి చెప్పదు.

పెళ్లికి ముందు అబ్బాయికీ అమ్మాయికీ ఇచ్చే హితబోధలో ఒక అరగంట ఆరోగ్యానికి కేటాయించాలి. పురుషులకు పురుష డాక్టరు, స్త్రీలకు స్త్రీ డాక్టరు చెబితే వినేవారు వింటారు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ సాయానికి ఫొటో ఉండకూడదు. కుట్టుమిషన్లు, స్కాలర్‌షిప్‌లు అందించేటప్పుడు వేదిక మీద ఫొటోలు తీసి ఇలాంటి సంచికల్లో వేసుకుంటాం. దాతకు లెక్క చెప్పడానికి అది అవసరమే. ఈ సాయానికి మాత్రం పేరు, చిరునామా కమిటీ సమావేశంలో చదవకూడదు. అర్జీకి ఒక నంబరు చాలు. డబ్బు నేరుగా ల్యాబుకు, ఆస్పత్రికి చేరాలి. లెక్కల పుస్తకంలో "పరీక్షలు - ఇన్ని, మందులు - ఇన్ని" అని ఉంటే దాతకు తెలియవలసింది తెలిసినట్టే. గుప్తదానానికి ఇంతకన్నా తగిన చోటు దొరకదు. ఇది జకాత్ నిధి నుంచి ఇవ్వవచ్చా, సదఖా నుంచి ఇవ్వాలా అన్నది మన ఉలమాలను అడిగి నిర్ణయించుకోవాలి.

గుర్తుంచుకోవలసినవి

- క్లామిడియా చాలామందిలో లక్షణాలు లేకుండానే ఉంటుంది.
- న్యాట్ పరీక్షలో తెలుస్తుంది. డాక్టరు ఇచ్చిన మందు పూర్తిగా వాడితే నయమవుతుంది.
- భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి చికిత్స జరగాలి. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.
- ఆలస్యమైతే స్త్రీల ట్యూబులు దెబ్బతినవచ్చు. మచ్చలను మందు మాన్పలేదు.
- నెలలోపు బిడ్డ కళ్లు పుసులు కడితే వెంటనే డాక్టరుకు చూపించాలి.
- ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో రిపోర్టు చెప్పదు. దాని పేరున ఇల్లు కూల్చుకోకూడదు.

వైద్యం చేయించుకోమని మన ధర్మం చెప్పింది. తోటివారి లోపాన్ని నలుగురిలో పెట్టకుండా కప్పమనీ చెప్పింది. ఈ జబ్బు విషయంలో ఆ రెండు మాటలూ కలిపి పాటిస్తే చాలు, ఎన్నో ఇళ్లలో ఉయ్యాల ఊగుతుంది. అల్లాహ్ మన రోగులకు ఆరోగ్యాన్ని, మన కుటుంబాలకు నెమ్మదిని, దాతలకు తగిన ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.